పడమర ఖాళీ ఉందా?

సూర్యగ్రహణం వస్తోందని పేపర్లో పడగానే హైదరాబాద్‌లో మొదలయ్యే ప్రశ్న ఒకటే: "ఎక్కణ్నుంచి బాగా కనిపిస్తుంది?" ఎత్తుగా ఉంటే చాలనుకుని గోల్కొండ, మౌలాలి గుట్ట, నౌబత్ పహాడ్ అంటూ ఎవరికి తోచిన పేరు వాళ్లు చెప్పేస్తారు. నేను ఫిజిక్స్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఇలాంటివి చూపించే పని నా నెత్తినే పడుతుంది. నన్నడిగితే గుట్టలెక్కక్కర్లేదు. ఆ రోజు ఆ వేళకి సూర్యుడు ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉంటాడో తెలిస్తే చాలు. మధ్యలో గోడ అడ్డం రాని చోటల్లా మంచి చోటే.

2022 అక్టోబరు 25 సంగతే తీసుకోండి. దీపావళి మర్నాడు. మన ఊళ్లో గ్రహణం పట్టింది సాయంత్రం 4.59కి, పొద్దు గుంకింది 5.48కి. విడుపు చూసే యోగం లేదు, దొరికింది 49 నిమిషాలే. ముంబై వాళ్లకు గంటా 19 నిమిషాలు, కోల్‌కతా వాళ్లకు 12 నిమిషాలే. గ్రహణం పట్టేసరికే సూర్యుడు నేలకు పదకొండు డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. చెయ్యి చాచి పిడికిలి నిలువుగా పెడితే ఆకాశంలో పది డిగ్రీలు కప్పుతుంది. అంటే ఒక్క పిడికిలి ఎత్తు! నలభై అడుగుల రోడ్డు మీద నిలబడి చూస్తే ఎదుటి అయిదంతస్తుల అపార్ట్‌మెంటు దాదాపు అయిదు పిడికిళ్లు లేస్తుంది. ఆ వీధిలో వాళ్లకు ఆ రోజు గ్రహణం లేనట్టే.

పంచాంగం, యాప్ ఏమీ అక్కర్లేని ఉపాయం ఒకటుంది. రెండ్రోజుల ముందు సరిగ్గా అదే టైముకి అక్కడికెళ్లి నిలబడడం. సూర్యుడి దారి రెండ్రోజుల్లో ఏమంత మారదు. ఆ ఆదివారం అయిదింటికి వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని మా డాబా ఎక్కాను. నైరుతి మూల సింటెక్స్ ట్యాంకు, పక్క బ్లాకు లిఫ్టు గది, బట్టలారేసే తీగలు. అక్టోబరు చివర్లో మన సూర్యుడు సరిగ్గా పడమరన దిగడు, పదమూడు డిగ్రీలు దక్షిణానికి ఒరిగి దిగుతాడు. ట్యాంకు పక్కన నిలబడితే అయిదుంపావుకే మాయం. పిట్టగోడ వెంట నాలుగడుగులు ఉత్తరానికి జరిగితే రెండు భవనాల సందులోంచి చివరిదాకా కనిపించాడు. అక్కడే సుద్దముక్కతో గీత గీసి వచ్చాను.

డాబా దొరకని వాళ్లకు ట్యాంక్‌బండ్ ఉండనే ఉంది. ఆ కట్ట హుస్సేన్‌సాగర్‌కు తూర్పున ఉంది కాబట్టి, దాని మీద నిలబడితే పడమరంతా నీళ్లే. అదే 2019 డిసెంబరు 26 లాంటి పొద్దుటిపూట గ్రహణమైతే అవతలి ఒడ్డు, నెక్లెస్ రోడ్డు వైపు, మేలు. పొద్దుటి గ్రహణానికి చెట్లున్న పార్కు కూడా మంచిదే. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోతాయి.

సూర్యుడు ఎర్రబడ్డాడు కదా అని ఉత్త కళ్లతో చూడకూడదు. ఐఎస్ఓ 12312-2 ముద్ర ఉన్న గ్రహణం కళ్లద్దాలు కావాలి. ఎక్స్‌రే ఫిల్ములు, పళ్లెంలో పసుపునీళ్లు పనికిరావు. నాకైతే అద్దమే ఇష్టం. చిన్న అద్దానికి కాగితం అంటించి అందులో చిటికెనవేలి గోరంత కన్నం చేస్తాను. ఎండ దాని మీద పడి, నీడలో ఉన్న తెల్లగోడ మీదికి తిరుగుతుంది. గోడ పది మీటర్ల దూరంలో ఉంటే తొమ్మిది సెంటీమీటర్ల సూర్యబింబం. అందుకే నేను చోటు వెతికేటప్పుడు పడమరతో పాటు గోడ కూడా చూసుకుంటాను. మా మెట్ల గది లోపలి గోడ ఆ రోజు దానికోసమే కట్టినట్టుంది.

రెండో అంతస్తు మామ్మగారు పట్టుస్నానం చేసి, ఊరగాయ జాడీల మీద దర్భ వేసి, జపమాలతో మెట్ల మీదికొచ్చారు. "గ్రహణం చూడకూడదు కదమ్మా!" అన్నారు.

"మీరు చూసేది గోడని, మామ్మగారూ" అన్నాను.

కొరికిన అప్పచ్చిలా ఉన్న ఆ బింబాన్ని ఆవిడ చాలాసేపు చూశారు. "ఆ కొరుకుడు ఎటు నుంచి ఎటు పోతోందీ?" అని అడిగారు. మా పిల్లలెవరికీ తట్టని ప్రశ్న. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, నేనే కాస్త తడుముకున్నాను. అయిదూ నలభైకల్లా టపాకాయల పొగ, దుమ్ము కలిసి బింబం మసకబారింది. నగరంలో చివరి రెండు మూడు డిగ్రీల ఆకాశం ఎప్పుడూ అంతే, లెక్కలోంచి తీసేసుకోవాలి.

ఇదంతా పాక్షిక గ్రహణాల మాట. సంపూర్ణ గ్రహణానికి డాబా మారితే చాలదు, అవసరమైతే ఊరే మారాలి. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా చంద్రుడి నీడ దారిలో పడింది. తొంభైతొమ్మిది శాతానికీ నూటికీ మధ్య తేడా ఒక్క శాతం కాదు, పగలికీ రాత్రికీ ఉన్నంత.

2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సర్‌లో ఆరు నిమిషాలకు పైగా సంపూర్ణ గ్రహణం. మన దేశంలో చాలాచోట్ల సాయంత్రం పాక్షికంగా పడుతుంది. వానాకాలం కాబట్టి మబ్బుల సంగతి మన చేతిలో లేదు. దిక్కు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పొచ్చు: ఆగస్టు మొదట్లో సూర్యుడు పడమరకు దాదాపు పంతొమ్మిది డిగ్రీలు ఉత్తరాన దిగుతాడు. అక్టోబరు చోటుకీ దీనికీ మూడు పిడికిళ్ల తేడా. నా సుద్ద గీత పనికిరాదు. మా డాబాకు ఆ వైపున కొత్తగా తొమ్మిదంతస్తులు లేచాయి. వాళ్ల అసోసియేషన్ సెక్రటరీ నా పాత స్టూడెంటే, జులైలో ఒక సాయంత్రం వెళ్లి అడగాలి.