కార్తికంలో చెరువు గట్టున ఒక గంట: పక్షుల లెక్క ఎలా రాయాలి, రైతుకు ఏమిటి ఉపయోగం?

వానాకాలం వరి కోతకు వస్తూ, యాసంగి పనులు మొదలయ్యే రోజులివి. మధ్య ఆసియా నుంచి వలస బాతులు మన చెరువుల్లో దిగేది కూడా ఇప్పుడే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటి రాకను అక్కడివారు శుభంగా భావిస్తారు. మీ ఊరి చెరువుకూ కొన్ని పక్షులు వస్తూనే ఉంటాయి.

"మునుపు చాలా పక్షులుండేవి, ఇప్పుడు లేవు" అని పెద్దలు అంటుంటారు. ఎన్ని ఉండేవి, ఎప్పటి నుంచి తగ్గాయి అని అడిగితే చెప్పలేరు, ఎందుకంటే ఎవరూ రాసిపెట్టలేదు. నెలకు ఒక ఉదయం లెక్క రాస్తే చెరువులో వచ్చే మార్పు ముందే తెలుస్తుంది. ఆ నీరే మీ పొలానికి వస్తుంది కాబట్టి ఈ లెక్క మీకు అవసరం.

లెక్క రాసే పద్ధతి

• ఉదయం 6 నుంచి 8 గంటల లోపు వెళ్లండి. ఎండ పెరిగితే పక్షులు నీడకు చేరతాయి.
• తూర్పు గట్టున నిలబడండి. సూర్యుడు వెనుక ఉంటే పక్షుల రంగులు స్పష్టంగా కనిపిస్తాయి.
• ప్రతి నెలా అదే చోట, అదే సమయానికి, అంతే సేపు చూడండి. అప్పుడే ఒక నెలను మరో నెలతో పోల్చవచ్చు.
• గుంపు పెద్దదైతే ముందు పది పక్షులను లెక్కించి, అలాంటి పదులు ఎన్ని ఉన్నాయో అంచనా వేయండి.
• పేరు తెలియకపోతే రంగు, ముక్కు ఆకారం, కాళ్ల పొడవు రాయండి.
• ఒక్క పక్షీ కనిపించకపోయినా తేదీ వేసి "సున్నా" అని రాయండి. అదీ సమాచారమే.

నోటుపుస్తకంలో ఇలా రాస్తే చాలు: తేదీ, సమయం, మబ్బు లేదా ఎండ, నీరు ఎంత వరకు ఉంది, గుర్రపుడెక్క ఎంత మేర పరచుకుంది, పక్షులు, వాటి సంఖ్య, గట్టు పొలాల్లో ఆ వారం కొట్టిన మందులు.

పక్షులతో పాటు తూనీగలు, కప్పలు, తాబేళ్లు, బురదలో జంతువుల అడుగులు కూడా రాయండి. రాళ్ల మీద చేప పొలుసులున్న రెట్ట కనిపిస్తే అక్కడ నీటికుక్కలు తిరుగుతున్నాయేమో గమనించండి.

లెక్కను ఎలా చదవాలి?

నీటికాకులు, బుడుబుంగలు మునిగి వేటాడతాయి. వాటికి లోతు నీరు కావాలి. పొడుగు కాళ్ల కొంగలు, ఉల్లంకులు లోతు తక్కువ నీటిలో, బురదలో మేస్తాయి. ఏటా ఇదే నెలలో మునిగే పక్షులు తగ్గి కొంగలు పెరుగుతుంటే, నీటి మట్టం తగ్గిందా, పూడిక పెరిగిందా అని చూసుకోవాలి.

బాతులు తగ్గి జంబుకోళ్లు పెరిగితే గుర్రపుడెక్క వైపు చూడండి. పొలాల నుంచి యూరియా, డీఏపీ కొట్టుకొచ్చిన చెరువులో గుర్రపుడెక్క వేగంగా పెరుగుతుంది. అంటే డబ్బు పెట్టి కొన్న ఎరువు కొంత చెరువు పాలవుతోందని అర్థం. ఎరువును దఫాలుగా వేయండి, వాన ముందు వేయకండి.

మిత్రులెవరు, నష్టం చేసేవెవరు?

ముక్కు మధ్యలో సందు ఉండే నత్తగుల్ల కొంగ వరి మడిలో తిరిగితే కొందరు తరిమేస్తారు. అది ముఖ్యంగా నత్తలను తింటుంది. పశువుల వెంట, దుక్కి వెంట నడిచే తెల్లకొంగలు మిడతలను, పురుగులను ఏరుకుంటాయి. శనగ వేసేవారు ఎకరాకు 10 వరకు పక్షి స్థావరాలు పెడితే ఏట్రింతలు, గోరింకలు వాటిపై వాలి పచ్చపురుగును తింటాయి.

అన్ని పక్షులూ మేలే చేస్తాయని కాదు. జంబుకోళ్లు లేత వరిని కొరుకుతాయి. తల వెనుక రెండు నల్లని చారలుండే వలస బాతులు పచ్చని పైరును మేస్తాయి. అక్కడ మెరిసే రిబ్బన్లు కట్టండి, కాపలా ఉండండి. విషం మాత్రం పెట్టకండి. దానితో మేలు చేసే పక్షులూ చస్తాయి. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వీటిని చంపడం నేరం.

తప్పక పాటించవలసినవి

• కార్బోఫ్యూరాన్ గుళికలు నేలపై చిందితే పక్షులు గింజలనుకుని తిని చస్తాయి. చిందిన గుళికలను మట్టిలో కప్పేయండి.
• స్ప్రేయరును, మందు డబ్బాలను చెరువులో కడగకండి. పశువులు తాగేది, చేపలు బతికేది ఆ నీటిలోనే.
• ఒకేసారి ఎక్కువ పక్షులు చచ్చి కనిపిస్తే ఉత్త చేతులతో ముట్టుకోకండి. మందు విషం కావచ్చు, బర్డ్ ఫ్లూ కావచ్చు. నాటుకోళ్లను, పెంపుడు బాతులను అటు వదలకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పండి. తేదీ, సంఖ్య, దగ్గర్లో కొట్టిన మందు పేరు మీ పుస్తకంలో ఉంటే కారణం కనుక్కోవడం తేలికవుతుంది.
• గూళ్ల దగ్గరికి వెళ్లకండి. చెరువు గట్టున బాణసంచా కాల్చకండి.

స్మార్ట్‌ఫోన్ ఉన్నవారు ఉచితంగా దొరికే ఈబర్డ్ యాప్‌లో లెక్క నమోదు చేయవచ్చు. సిగ్నల్ లేని చోట రాసుకుని తరువాత పంపవచ్చు. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. ఇప్పుడే అలవాటు చేసుకుంటే అప్పటికి మీ చెరువు లెక్క కూడా సిద్ధంగా ఉంటుంది.

ఈ ఆదివారమే పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లండి. లెక్కించే పని మీరు చూడండి, రాసే పని వాళ్లకు అప్పగించండి. వచ్చే కార్తికంలో పోల్చి చూసుకోవడానికి ఈ పేజీయే ఆధారం.