రహస్యమునకు మేర యెంత?

1943వ సంవత్సరపు వసంతమున అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమందు, లాస్ అలమోస్ అను పీఠభూమిపై, అణుబాంబు నిర్మాణమునకై యొక ప్రయోగశాల వెలసినది. అచ్చటివారి కందఱికిని శాంటాఫే పట్టణపు 1663వ నంబరు పోస్టుబాక్సే చిరునామా. ఉత్తరములు తనిఖీ కాక కదలెడివి కావు. ఈ మహాప్రయత్నమునకు అధిపతియైన జనరల్ లెస్లీ గ్రోవ్స్, ఎవని పనికి కావలసినంత మాత్రమే వానికి తెలియవలె ననియు, ప్రక్కగదిలోని సంగతి వానికి అనవసర మనియు నమ్మినవాడు. ప్రయోగశాలకు డైరెక్టరైన రాబర్ట్ ఓపెన్‌హైమర్ మాత్రము, వెలుపలి కంచె యెంత కట్టుదిట్టముగ నున్నను సరియే గాని, లోపలి శాస్త్రజ్ఞులు నిస్సంకోచముగ చర్చించుకొననిదే యింతటి జటిలకార్యము నెఱవేరదని పట్టుబట్టి, వారము వారము వారిచే సభలు జరిపించెను.

అచ్చట పనిచేసిన రిచర్డ్ ఫైన్‌మన్ చెప్పిన రెండు ఉదంతములు ఈ వివాదమున నాకు మిక్కిలి విలువైనవిగ తోచుచున్నవి. టెనెసీలోని ఓక్ రిడ్జ్ కర్మాగారమున యురేనియమును వేఱుపఱచువారికి బాంబునకు ఎంత పదార్థము కావలెనో తెలియును గాని, నీటిలో న్యూట్రానుల వేగము తగ్గుటచే అంతకంటె ఎంతో స్వల్పమైన మోతాదే ప్రాణాంతకము కాగలదని వారి కెవరును చెప్పలేదు. యురేనియము కరిగిన ద్రావణముతో నిండిన తొట్లను వారు నిర్భయముగ అటునిటు త్రిప్పుచుండిరి. సంగతి వివరించుటకు వెళ్లిన ఫైన్‌మన్, న్యూట్రానుల విషయము వీరికి తెలుపనిదే కర్మాగారపు క్షేమమునకు లాస్ అలమోస్ పూచీపడజాలదని చెప్పగా, అక్కడి సైనికాధికారి కొద్ది నిమిషములు ఆలోచించి అనుమతించెను.

రెండవది గణనశాఖ ముచ్చట. సైన్యమునుండి తెచ్చిన యువకులు, తాము చేయు లెక్కలు దేనికో యెఱుగక, ఐ.బి.ఎం. యంత్రములకు పంచ్‌కార్డులు అందించుచు 9 నెలలలో 3 సమస్యలు సాధించిరి. భద్రతాధికారుల అనుమతి పొంది పని యొక్క ప్రయోజనమును వివరించిన పిమ్మట, వారు రాత్రులు సైతము శ్రమించి, తమంతట తామే క్రొత్తపద్ధతులు కల్పించి, 3 నెలలలో 9 సమస్యలు ముగించిరి.

ఐనను ఆ స్వేచ్ఛకు మూల్యము లేకపోలేదు. 1944లో బ్రిటిష్ బృందముతో లాస్ అలమోస్ చేరిన క్లాస్ ఫుక్స్, అచ్చటి మర్మములను సోవియట్ గూఢచారులకు అందించి, 1950లో పట్టుబడెను. ఇది చిన్న నష్టము కాదు. కాని యీ ద్రోహము జరిగినది పరీక్షించి ప్రవేశపెట్టిన శాస్త్రజ్ఞుని చేత. కార్డులు అందించు యువకులను అజ్ఞానమున నుంచుటచే అది ఆగినది కాదు.

ఇటీవలి చరిత్రయు ఈ రెండు కొసల నడుమనే ఊగినది. 2001 సెప్టెంబరు 11 దాడులను విచారించిన సంఘము, ప్రభుత్వసంస్థలు సమాచారమును పంచుకొనకుండుట పెద్ద లోపమని 2004లో తేల్చినది; తలుపులు తెఱచి, పత్రములను సంస్థలన్నిటి ఉమ్మడి వ్యవస్థలో నుంచిన పిమ్మట 2010లో లక్షలాది దౌత్యపత్రములు వెలికి పొక్కగా, అమెరికా విదేశాంగశాఖ తన పత్రములను ఆ ఉమ్మడి వ్యవస్థనుండి తొలగించుకొన్నది. వేలమంది చేరగల చోట సమస్తమును ఉంచుటయు తప్పే; ఎవరు ఏమి తీసికొనిపోవుచున్నారో గమనింపకుండుట అంతకంటె తప్పు. దాచదగినవి కొన్నియే; వానిని గట్టిగ దాచి, తక్కినదానిని పనిచేయువారి యెదుట నుంచుటయే యుక్తమని నా నిశ్చయము.

కార్యాలయముల నడుపు పెద్దలు ఏ కాగితముపైనను రహస్యమని ముద్ర వేయుటకు ముందు, అందలి విషయము తెలియకపోవుటచే పనివానికి కలుగు అపాయ మేమో ఒక్కమాఱు విచారింతురు గాక!