వండిన చేతికి వాటా ఏది?

ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది ఎవరు? ఆడమనిషి. పొయ్యి వెలిగించేది ఆమె. వండేది ఆమె. వడ్డించేది ఆమె. మరి అందరికంటే ఆఖరున తినేది ఎవరు? అదీ ఆమే.

ముందు మగవాళ్లు తింటారు. తర్వాత పిల్లలు, అత్తమామలు తింటారు. అప్పటికి కూరగిన్నె ఖాళీ అవుతుంది. అడుగున కాస్త పులుసు ఉంటే అన్నంలో పోసుకుంటుంది. అదీ లేకపోతే పచ్చడి మెతుకులే. "నాదేముందిలే, ఏదో ఒకటి తింటా" అంటుంది.

ఈ మాట చాలా ఇళ్లలో రోజూ వినబడేదే. దాని వల్ల వచ్చే నష్టం మాత్రం వెంటనే కనబడదు. అది మెల్లగా వస్తుంది.

ఒక చిన్న లెక్క

ఒక ఇంట్లో ఐదుగురు ఉన్నారు. పావుకిలో కందిపప్పు వండారు. పావుకిలో అంటే 250 గ్రాములు. ఐదుగురూ సమానంగా తింటే ఒక్కొక్కరికి 50 గ్రాముల పప్పు వస్తుంది.

కానీ ముందు కూర్చున్న నలుగురూ తలా 60 గ్రాములు తిన్నారనుకోండి. 240 గ్రాములు అయిపోయింది. ఇక మిగిలింది 10 గ్రాములు. వండిన మనిషికి దక్కేది అదే.

ఆమె వాటా తినేయాలని ఎవరూ అనుకోలేదు. ఒక్కొక్కరు ఒక్క గరిటె ఎక్కువ వేసుకున్నారు, అంతే. ఆ గరిటెలన్నీ కలిసి ఆమె వాటా పోయింది.

ఎవరికి ఎక్కువ కావాలి?

"మగవాళ్లు కష్టం చేస్తారు. వాళ్లకే బాగా పెట్టాలి" అంటారు. నాట్లు వేయడం కష్టం కాదా? కలుపు తీయడం, నీళ్లు మోయడం, బట్టలు ఉతకడం కష్టం కాదా?

ఇంకో సంగతి కూడా ఉంది. ఒంట్లో రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. అది తిండిలో నుంచే వస్తుంది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎవరికి ఏ పోషకం ఎంత కావాలో అక్కడి శాస్త్రవేత్తలు లెక్క కడతారు. 2020లో వచ్చిన లెక్క ప్రకారం మగవారికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆడవారికి 29 మిల్లీగ్రాములు కావాలి.

ఆడవారికి ఎందుకు ఎక్కువ? నెలనెలా బహిష్టులో రక్తం పోతుంది. పోయిన రక్తం మళ్లీ పట్టాలి కదా. ఎక్కువ కావలసిన మనిషే తక్కువ తింటోంది. తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతున్నాయి.

రక్తం తగ్గితే ఏమవుతుంది?

రక్తం తగ్గడాన్ని రక్తహీనత అంటారు. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను పరీక్షించారు. ఆంధ్రప్రదేశ్‌లో 100 మందిలో 59 మందికి, తెలంగాణలో 58 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

రక్తం తగ్గితే నాలుగు అడుగులు వేసేసరికి ఆయాసం వస్తుంది. కళ్లు తిరుగుతాయి. ఏ పనీ చేయబుద్ధి కాదు. కింది కనురెప్పను లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండదు, పాలిపోయి ఉంటుంది. ఇంట్లోవాళ్లు "ఒళ్లు బద్ధకం" అంటారు. అది బద్ధకం కాదు, జబ్బు. రక్తం బాగా తక్కువగా ఉన్న మనిషికి కాన్పులో రక్తం ఎక్కువ పోతే ప్రాణానికే ముప్పు.

టీ తాగితే ఆకలి తీరుతుందా?

కూలికి వెళ్లే ఆడవాళ్లు పొద్దున్నే ఒక టీ తాగి పోతారు. మధ్యాహ్నం ఆకలైతే ఇంకో టీ తాగుతారు. టీతో ఆకలి చచ్చిపోతుంది గానీ ఒంటికి బలం రాదు. పైగా అన్నంతో పాటు టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అందుకే అన్నానికి గంట ముందు, అన్నం తిన్నాక గంట వరకు టీ తాగకూడదు.

నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ దీనికి ఎదురు పని చేస్తాయి. ఇనుము ఒంటికి పట్టేలా చేస్తాయి. పప్పులో, ఆకుకూరలో నిమ్మరసం పిండుకుంటే మంచిది.

కడుపుతో ఉన్నప్పుడు

"ఎక్కువ తింటే బిడ్డ లావవుతుంది, కాన్పు కష్టమవుతుంది" అని కొందరు పెద్దవాళ్లు అంటారు. అది నిజం కాదు. తల్లి తక్కువ తింటే బిడ్డ బరువు తక్కువగా పుడుతుంది. తల్లి నీరసపడుతుంది. గర్భిణి మామూలు కంటే ఎక్కువే తినాలి. ఒక్కపొద్దులు ఉండకూడదు. బాలింతకు పథ్యం పేరుతో కూరలు, నీళ్లు తగ్గించకూడదు. పాలు పడాలంటే తిండీ కావాలి, నీళ్లూ కావాలి.

గర్భిణులకు ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. విరేచనం నల్లగా అవుతుంది. భయపడి మాత్రలు మానకూడదు. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు.

గర్భిణికి ఇచ్చిన తిండి ఇంటికి తెస్తే అందరికీ పంచేస్తుంది. అందుకే తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో అంగన్‌వాడీలోనే కూర్చుని భోజనం చేసే పద్ధతి పెట్టారు.

ఏం చేయాలి?

అందరూ కలిసి కూర్చుని తినండి. వీలుకాకపోతే, వడ్డించక ముందే వండిన మనిషికి కూర తీసి మూత పెట్టండి. కొసరు అడిగినవారికి ఆ గిన్నెలోంచి తీయకండి.

వట్టి అన్నంతో కడుపు నిండుతుంది గానీ రక్తం పట్టదు. తోటకూర, మునగాకు, ఉలవలు, సజ్జలు, నువ్వులు తినండి. మాంసం తినేవాళ్లకు కార్జం (కాలేయం) మంచిది. ఇనుప మూకుడులో వండితే కూరలోకి కొంత ఇనుము దిగుతుంది. పెరట్లో మునగచెట్టు ఉంటే ఆకు ఊరికే వస్తుంది.

ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ఆశా కార్యకర్తకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 ఉండాలి. గర్భిణికి 11కు తగ్గకూడదు.

"ఆడపిల్లవి, అంత తింటావా?" అని కూతుర్ని అనకండి. ఆ మాట విన్న పిల్ల ఆకలేసినా అడగడానికి సిగ్గుపడుతుంది. రేపు తన అత్తవారింట్లో తనూ ఆఖరునే తింటుంది. అమ్మ కంచం నిండుగా ఉంటే కూతురు అది చూసి నేర్చుకుంటుంది.

ఆలోచించండి, చర్చించండి

1. నిన్న రాత్రి మీ ఇంట్లో ఎవరు ముందు తిన్నారు? ఎవరు ఆఖరున తిన్నారు? వరుసగా పేర్లు రాయండి.
2. ఆఖరున తిన్న మనిషికి ఏమేం మిగిలాయి? రాయండి.
3. రేపు ఆ వరుస ఎలా మార్చవచ్చు? ఇంట్లో అందరితో మాట్లాడండి.