హిందూ, బౌద్ధ మతాలు: మాటలు ఒకటే, అర్థాలు వేరు

కర్మ, పునర్జన్మ, సంసారం, ధర్మం వంటి మాటలు హిందూ, బౌద్ధ గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నాయి. బౌద్ధం హిందూ మతంలో ఒక శాఖ అన్న అభిప్రాయానికి ఈ ఉమ్మడి పదజాలం ఒక కారణం. అయితే ఆ మాటలకు రెండు మతాలు చెప్పే అర్థాలు ఒకటి కావు.

మూలాలు

హిందూ మతానికి ఒకే స్థాపకుడు, ఒకే గ్రంథం లేవు. దాని ఆధారాల్లో ప్రాచీనమైన ఋగ్వేదం క్రీ.పూ. 1500-1000 మధ్య రూపుదిద్దుకుందని పండితుల అంచనా. బౌద్ధానికి మూలపురుషుడు గౌతమ బుద్ధుడు. నేటి నేపాల్‌లోని లుంబినిలో జన్మించిన ఆయన బోధ్‌గయలో జ్ఞానోదయం పొంది, సారనాథ్‌లో తొలి బోధ చేశాడు. వేద ప్రామాణ్యాన్ని, జంతుబలిని, పుట్టుకతో సంక్రమించే ఆధిక్యాన్ని ఆయన అంగీకరించలేదు.

ఆత్మ ఉందా?

అసలు భేదం ఇక్కడే ఉంది. దేహం నశించినా ఆత్మ నిత్యమని హిందూ దర్శనాల్లో అత్యధికం చెబుతాయి. శాశ్వతమైన ఆత్మ లేదన్నది బౌద్ధుల అనాత్మ సిద్ధాంతం. మరి పునర్జన్మ ఎవరికి? పాళీ గ్రంథం మిలిందపన్హ దీనికి దీపాన్ని ఉపమానంగా చూపుతుంది. ఒక దీపంతో మరో దీపాన్ని వెలిగిస్తే మంట కొనసాగుతుంది గానీ, మొదటి దానిలోంచి రెండోదానిలోకి వెళ్లే వస్తువేదీ ఉండదు. కర్మ అంటే ప్రధానంగా సంకల్పమేనని బుద్ధుడు బోధించాడు. నిర్వాణం అంటే ‘ఆరిపోవడం’. ఆరిపోవలసినవి రాగం, ద్వేషం, మోహం.

సహజీవనం

విభేదాలున్నా రెండు సంప్రదాయాలు ఒకే ఇంట్లో మనుగడ సాగించిన సందర్భాలున్నాయి. క్రీ.శ. 3వ శతాబ్దంలో నాగార్జునకొండ ప్రాంతాన్ని పాలించిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధ యాగం చేయగా, ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దానాలిచ్చింది. కాలక్రమంలో పురాణాలు బుద్ధుణ్ణి విష్ణువు అవతారంగా చెప్పాయి. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బౌద్ధం స్వీకరించిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్, తన అనుచరులకు ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఆ భావనను తిరస్కరించారు.

చట్టం ఏమంటోంది?

రాజ్యాంగంలోని 25వ అధికరణ వివరణ, హిందూ ఆలయాల ప్రవేశం, సంఘ సంస్కరణల విషయంలో ‘హిందువులు’ అన్న మాటలో బౌద్ధులనూ చేర్చింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది. అయినా బౌద్ధం స్వీకరించిన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా దక్కడానికి 1990 నాటి సవరణ దాకా వేచి ఉండాల్సి వచ్చింది. బౌద్ధాన్ని ప్రత్యేక మతంగానే పరిగణించాలని, హిందూ మతం నుంచి అందులోకి మారేవారు జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకోవాలని గుజరాత్ ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో సర్క్యులర్ జారీ చేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో బౌద్ధుల సంఖ్య సుమారు 84 లక్షలు. పెళ్లి, రిజర్వేషన్, మతమార్పిడి విషయాల్లో వారికి వేర్వేరు నిబంధనలు వర్తిస్తున్నాయి.