ఆదాయపు పన్ను రిటర్ను: దోషస్థానం – పరిష్కారమార్గం

ఆదాయపు పన్ను రిటర్నును ఆన్‌లైన్‌లో దాఖలు చేసేవారికి ఎదురయ్యే చిక్కులన్నీ సాఫ్ట్‌వేర్ లోపాలు కావు. దోషం పుట్టిన చోటును గుర్తిస్తేనే సహాయం ఎక్కడ కోరాలో తెలుస్తుంది.

మొదటిది, జీతం నుండి మినహాయించిన పన్ను ఫారం 26ఏఎస్‌లో కనిపించకపోవడం. యజమాని ఆ సొమ్మును జమ చేయకపోయినా, టీడీఎస్ వివరాలలో ఉద్యోగి పాన్ సంఖ్యను తప్పుగా నమోదు చేసినా ఇలా జరుగుతుంది. దీనిని యజమానే సరిదిద్దాలి; పోర్టల్ సహాయ కేంద్రానికి అది సాధ్యం కాదు. మినహాయించిన పన్నును ఉద్యోగి నుండి మళ్లీ వసూలు చేయరాదని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 205వ సెక్షన్ నిర్దేశించింది. కనుక మినహాయింపుకు రుజువుగా జీతపు చీటీలను భద్రపరచుకోవడం అవసరం.

రెండవది, పేర్ల వ్యత్యాసం. తెలుగువారి ఇంటిపేరు పాన్‌లో పూర్తిగానూ, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరంగానూ ఉండటం కద్దు. పేర్లు సరిపోలక పోర్టల్‌లో ఖాతా నిర్ధారణ కాకపోతే రీఫండ్ జమకాదు. ఏదో ఒక చోట పేరును సవరింపజేసుకోవడమే దీనికి మార్గం.

మూడవది, ధ్రువీకరణ. ఇది పన్ను చెల్లింపుదారు స్వయంగా చేయవలసినది. దాఖలు చేసిన 30 రోజులలోగా రిటర్నును ధ్రువీకరించాలి. ఆధార్ ఓటీపీ అందనివారు నెట్ బ్యాంకింగ్ ద్వారా గానీ, సంతకం చేసిన ఐటీఆర్-వి పత్రాన్ని తపాలాలో బెంగళూరులోని ప్రాసెసింగ్ కేంద్రానికి పంపి గానీ దీనిని పూర్తి చేయవచ్చు. ధ్రువీకరణ లేని రిటర్ను దాఖలు కానట్లే లెక్క.