బోర్డు పోయిందనే ముందు...

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్, బెంగళూరు కంపెనీలు ఉద్యోగులను ఇళ్లకు పంపేసినప్పుడు వాళ్ల వెంట నల్లటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లూ ఊళ్లకొచ్చాయి. ఏసీ గదిలో ఏళ్ల తరబడి బుద్ధిగా పనిచేసిన యంత్రం, నెల్లిమర్ల మండలం రామతీర్థంలో బోధికొండ కింద ఏ పాతింట్లోనో పెట్టగానే పేచీ మొదలెడుతుంది. ఛార్జర్ తగిలించిన మరుక్షణం తెరమీది బాణం తోచినచోటికి గెంతుతుంది. ‘ఏటైపోనాదిరా దీనికి?’ అంటుంది ఇంట్లో పెద్దావిడ. టచ్‌ప్యాడ్ పోయిందంటాడు ఒకడు. డ్రైవర్ మార్చాలంటాడు ఇంకొకడు. బోర్డే పోయిందని తేల్చేస్తాడు మూడోవాడు.

ఛార్జర్ పీకి చూడండి. బాణం కుదురుకుంటే జబ్బు ల్యాప్‌టాప్‌లో కాదు, చాలావరకు గోడలో ఉన్నట్టే. పాత ఇళ్ల ప్లగ్గుల్లో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. రెండు పిన్నుల కన్వర్టర్ వాడితే ఆ రంధ్రమూ ఉండదు. ఛార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా రవ్వంత కరెంటు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే యంత్రం లోహపు ఒంటిమీదే నిలుస్తుంది. అరచేయి ఆనించినప్పుడు జివ్వుమనేది అదే. టచ్‌ప్యాడ్ వేలిని కనిపెట్టేది విద్యుదావేశంలో వచ్చే అతి చిన్న తేడాను బట్టి. ఆ లెక్కలోకి ఈ దొంగ కరెంటు చొరబడేసరికి దానికి లేని వేళ్లు కనిపిస్తాయి. డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా దండగే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, పెరట్లో గొయ్యి తీయించి, ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ కట్టించుకోవాలి. ఎండాకాలం ఆ గోతిలో నీళ్లు పోస్తుండాలి. ల్యాప్‌టాప్ రిపేరు పద్దులో గొయ్యి తవ్విన కూలీ రాసుకోవడం వింతే, కానీ బోర్డు ఖర్చుతో పోలిస్తే చవక.

ఛార్జర్ లేకపోయినా బాణం తనంతట తానే ఓ పక్కకి పాకుతుంటే కథ వేరు. థింక్‌ప్యాడ్ కీబోర్డు నడుమ ఎర్ర బొడిపె ఉంటుంది కదా, దానిమీద వేలు తీసేసి కొన్ని క్షణాలు ఊరుకోండి. తన లెక్క తానే సరిచూసుకుంటుంది. కంగారుపడి నొక్కేకొద్దీ పాకుడు పెరుగుతుంది.

థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటి ఆఫీసు యంత్రాల్లో ఒక మంచి గుణం ఉంది. వేలమంది ఉద్యోగులకు ఒకేసారి ఇచ్చేవి కాబట్టి, జబ్బేమిటో తామే చెప్పుకునేలా వాటిని తయారుచేస్తారు. విప్పి బిగించే విధానంతో మాన్యువల్‌ని కంపెనీలే ఉచితంగా ఇస్తాయి. లాటిట్యూడ్ తెర మీద గీతలు పడుతున్నాయా? ఆపేసి, ‘డి’ మీట నొక్కిపట్టి పవర్ బటన్ నొక్కండి. తెర వరుసగా రంగులు మారుస్తుంది. ఆ రంగులు శుభ్రంగా ఉంటే ప్యానెల్ బాగానే ఉంది, తప్పు కేబుల్‌లోనో గ్రాఫిక్స్‌లోనో వెతకాలి. కొత్త తెర కొనిపించబోయే దుకాణంవాడి ముందు చేయాల్సిన పరీక్ష ఇది.

ఇదే డెల్‌లో జనాన్ని ఎక్కువగా ఏడిపించేది ఇంకోటుంది. బ్యాటరీ ఎక్కదు. ఎక్సెల్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. విండోస్ కొత్తగా వేయించినా అంతే. దోషి ఛార్జర్ మూతి మధ్యలో ఉండే సూదిలాంటి పిన్ను. గుండ్రటి మూతి ఉన్న డెల్ ఛార్జర్లలో ఆ పిన్ను కరెంటు మోయదు. ‘నేను అసలు ఛార్జర్‌ని, నా శక్తి ఇన్ని వాట్లు’ అనే సమాచారం మాత్రం యంత్రానికి అందిస్తుంది. అది వంగినా, లోపలి సన్నటి తీగ తెగినా, నకిలీ ఛార్జర్ పెట్టినా యంత్రానికి అనుమానం వస్తుంది. బ్యాటరీ ఛార్జింగ్ ఆపేసి ప్రాసెసర్ వేగాన్ని అణిచిపెడుతుంది. టాస్క్ మేనేజర్‌లో వేగం ఒక గిగాహెర్ట్జ్‌కి దిగువనే బిగుసుకుపోయిందంటే ముందు చూడాల్సింది దీన్నే. ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్తే, ఛార్జర్‌ని గుర్తుపట్టిందో లేదో అక్కడే రాసి ఉంటుంది.

ఇక అసలు డ్రైవర్ల సంగతి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పక్కన కోడ్ 28 ఉంటే డ్రైవర్ లేదని, కోడ్ 10 ఉంటే ఆ పరికరం మొదలవలేకపోతోందని అర్థం. ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే పేరు తెలియని పరికరం ఎవరిదో బయటపడుతుంది. వీఈఎన్ తర్వాత 8086 ఉంటే ఇంటెల్‌ది. తమ 1978 నాటి ప్రాసెసర్ నంబరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారు! డ్రైవర్‌ని మీ మోడల్ పేరుతో కంపెనీ సైట్ నుంచే దించుకోండి. అన్ని డ్రైవర్లూ ఒక్క నొక్కుతో మార్చేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దని నా గట్టి సలహా.

కంపెనీవాడిదైనా గుడ్డిగా నమ్మాల్సిన పని లేదు. హెచ్‌పీ వ్యాపార ల్యాప్‌టాప్‌ల కోనెక్సంట్ ఆడియో డ్రైవర్ నొక్కిన ప్రతి మీటనూ ఒక ఫైల్‌లో రాసిపెడుతోందని 2017లో స్విట్జర్లాండ్ నిపుణులు బయటపెట్టారు. ఆ తర్వాత సవరణ వచ్చింది. 2017, 18, 19 నాటి కొన్ని థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ లోపంవల్ల యూఎస్‌బీ-సీ పోర్టులు మొండికేశాయి. లెనోవోనే అత్యవసర అప్‌డేట్ ఇచ్చింది. అది వేయకుండా పోర్టు మార్పించినవాళ్ల డబ్బు వృథా అయినట్టే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0తోపాటు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పై ప్రాసెసర్ కావాలి. ఆ అర్హత లేని పాత ఆఫీసు యంత్రాలే సెకండ్ హ్యాండ్‌లో ఊరించే ధరకు దొరుకుతాయి. కొనేముందు కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్టు తీయించి, తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కన చూడండి. సగానికి దిగితే ఆ మేరకు ధర తగ్గించమనండి. బయోస్ పాస్‌వర్డ్ అడిగినా, విండోస్ మొదలవగానే ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగినా అది పాత యజమాని తాళం. తర్వాత తీయిస్తామన్న మాట నమ్మి డబ్బు ఇవ్వకండి.