తోటనేలకు పచ్చని కప్పు

కప్పులేని నేల యెండకు మాడును, వానకు కొట్టుకొనిపోవును. కావుననే నేలను కప్పియుంచు ప్రాకెడు మొక్కలను తోటలలో నాటు నాచారము పెక్కు దేశములందు గలదు. అట్టివానిలో రూబస్ పెంటాలోబస్ అను తీగ యొకటి. ఇది రాస్‌బెర్రీ కుదురునకు జెందినది. తైవాను ద్వీపమందలి ఎత్తైన కొండలు దీని పుట్టిల్లు. ఏడాదిపొడవున పచ్చగానుండును; అరయడుగునకు మించి లేవదు; కాడలు నేల సోకిన కణుపులకడ వేరూనును. ముడుతలుగల దళసరి యాకులు చలికాలమున రాగివన్నె దాల్చును. తెల్లనిపూలు పూచి, నారింజవన్నె పండ్లు కాచును. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయపు ఉద్యానము దీనియందొక రకమును 'ఎమరాల్డ్ కార్పెట్' అను పేర వ్యాప్తికి దెచ్చినది.

చిత్రములు చూచి ముచ్చటపడి దీనిని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు తెప్పింపదలచువారు ఒక్క సంగతి నాలోచింపవలెను. ఇది చల్లని కొండగాలి మరగిన మొక్క. వేసవి యుక్కను, వేడిరాత్రులను సహింపదు. మన ప్రాంతమున వేసవివేడి 45 డిగ్రీల దరిదాపులకు పోవును. ఇట్టిచోట దీనికి వెచ్చించు ధనమును, బావినీరును వ్యర్థములే.

అయినను దీని గుణములు మనకు దుర్లభములు కావు. చెరువుగట్టులను, కాలువయొడ్డులను ప్రాకు బొక్కెనాకు తీగ గలదు గదా! ఇదియు కణుపుకణుపున వేరూనును, త్రొక్కుడున కోర్చును, దీని చిన్నపూలకు తేనెటీగలు వచ్చును. తొలకరి పిదప రెండు మూడు కణుపులుగల ముక్కలను జానెడెడముగా నాటి, నేల కప్పువడువఱకు కలుపు తీయుచుండవలెను. తడిగలచోటనే యిది పచ్చగానుండును. కాన బావిగట్టులును, నీరు పారు పెరడులును దీనికి తగును. ఎండు చెల్కయందు పచ్చదన మాశింపరాదు. విరివిగా వ్యాపించు స్వభావము గలది గావున, పొలములోనికి పోనీయక అంచులను చెక్కుచుండవలెను.

జగిత్యాల మామిడితోటలకు వేఱుపాయము మేలు. లేతతోటలలో వరుసలనడుమ వానకాలమున పిల్లిపెసర గాని జనుము గాని చల్లి, పూతదశయందు కలియదున్నినచో నేలకు కప్పును, చెట్లకు ఎరువును లభించును. మొదళ్ళచుట్టు రెండుమూరల మేర మాత్రము ఏమియు చల్లరాదు. చల్లినచో లేతచెట్టునకు నీరు చాలదు. వానలు వెడలిన పిదప అచ్చట ఎండుటాకులను, కాండమునకు తగులకుండ, పఱచినచో తేమ నిలుచును.

బొక్కెనాకు ముక్కలను ఇరుగుపొరుగు సభ్యులు పంచుకొనినచో ఖర్చు లేదు. అంగడిలో క్రొత్తమొక్కను గొనుటకు ముందు అది పుట్టిన తావేది, అచటి వేసవి యెట్టిదని యడుగుట రైతునకు లాభము.